అక్టోబరు సినిమా రాత్రికి ‘హాలోవీన్’ వేద్దామా? వాలంటీర్ల మాటామంతీ

తిరుపతి నుంచి, సినిమా పని చూసేవాడు:
అందరికీ నమస్కారం. సెలవు పెట్టి ఊరికొచ్చినా పని మాత్రం నన్ను వదల్లేదు. పోయిన మీటింగులో తెగనిది ఒకటే కదా. న్యూజెర్సీలో మన చిత్తూరు జిల్లా వాళ్ళ అక్టోబరు కలయికలో భోజనాలయినాక జాన్ కార్పెంటర్ 1978లో తీసిన ‘హాలోవీన్’ (ముసుగేసుకున్న హంతకుడు ఆడపిల్లల వెంటపడే భయం సినిమా) వెయ్యాలా, తెలుగు సినిమా ఏదైనా వెయ్యాలా అని. మనలో మనం వాదించుకునేకంటే జనం ఏమంటారో చూద్దామని, మా మిద్దె మీద తెల్ల దుప్పటి కట్టి ఇంటోళ్ళకి వేసి చూపించినాను. మన హాల్లో కూర్చునేదీ ఇట్లాంటి జనమే. డిగ్రీ పిలకాయలు, నడివయసు వాళ్ళు, అమెరికాకి చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలు.

మా మేనల్లుడు మొదటి అరగంట ఫోన్లోనే ఉన్నాడు. “ఇంతసేపయినా ఒక్కడూ చావలేదేంది మామా” అని వాడి గొడవ. హంతకుడు అంత నిదానంగా నడుస్తుంటే వీళ్ళు పరిగెత్తి తప్పించుకోలేరా అన్నాడు. అడిగింది న్యాయమే. సినిమా అయినాక కిందికి పోయి మెట్ల దగ్గర లైటు వేసి రారా అంటే “నువ్వు పో మామా” అని చాప మీద నుంచి లేవలేదు.

మా చిన్నాయన ఒకప్పుడు థియేటర్లో ఆపరేటర్. ఆయనకి కథ పట్టదు, ఖర్చు లెక్కే కావాల. మూడు లక్షల డాలర్లకు కాస్త అటూ ఇటూగా తీసినారు, ఒక్క అమెరికాలోనే 4.7 కోట్ల డాలర్లు వచ్చినాయి అంటే లేచి కూర్చున్నాడు. హంతకుడు వేసుకునే ఆ తెల్ల ముసుగు కొత్తగా చేయించింది కాదు. అమెరికా టీవీ సీరియల్ స్టార్ ట్రెక్‌లో కెప్టెన్ కర్క్ వేషం వేసిన విలియం షాట్నర్ ముఖంతో అంగట్లో అమ్మే ముసుగు. రెండు డాలర్ల లోపే కొని, తెల్లరంగు కొట్టి, కంటి బొక్కలు పెద్దవి చేసినారు. కథ అక్టోబరులో జరుగుతుంది, షూటింగు జరిగింది కాలిఫోర్నియాలో వసంతకాలంలో. అందుకే ఎండుటాకులకి రంగేసి, రోడ్డు మీద చల్లి, షాటు అయిపోతానే ఏరి గోతాల్లో పోసుకుని మళ్ళీ వాడినారు. ఊరు ఇల్లినాయ్ రాష్ట్రంలో అంటారు గానీ కొన్ని షాట్లలో అక్కడ పెరగని పామ్ చెట్లు కనిపిస్తాయి. చిన్నాయన వాటిని పట్టేసి తెగ సంబరపడినాడు. “నెత్తురు చూపించకుండానే భయపెట్టినాడు చూడు, డబ్బుల్లేనోడికి తెలివి ఎక్కువ” అన్నాడు. నిజంగానే పేరుకి ఇంత హత్యల సినిమా అయినా నెత్తురు చాలా తక్కువ.

సంగీత కాలేజీలో మృదంగం నేర్చుకునే మా పిన్ని కొడుకు పాటలాగా వచ్చే ఆ పియానో ముక్కకి తొడ మీద తాళం వేసి, “ఇది ఐదు లెక్క అన్నా, అందుకే మనసు కుదురుగా ఉండదు” అన్నాడు. ఈ ఐదు లెక్క, మన ఖండం, మనకి కొత్త కాదు, వాళ్ళ సినిమా పాటల్లో అరుదు. ఆ సంగీతం కూడా డైరెక్టరే కట్టుకున్నాడు, అదీ ఖర్చు మిగిలించిన లెక్కే.

మా అమ్మకి హంతకుడి మీద కంటే పక్కింటోళ్ళ మీద కోపం. చివర్లో లారీ అనే ఆ అమ్మాయి అరుచుకుంటా పోయి ఒక ఇంటి తలుపు బాదుతుంది. లోపలోళ్ళు లైటు వేసి, తొంగి చూసి, మళ్ళీ ఆర్పేస్తారు. “అంత కేకకి తలుపు తీయకపోతే వాళ్ళేం మనుషులు? మీరుండేది కూడా ఇట్లాంటి వీధిలోనేనా?” అని నన్ను అడిగింది. జవాబు చెప్పడానికి నాకు కొంచెం టైము పట్టింది. మన జనానికి ఈ సినిమాలో తగిలేది ఆ సీనే అని నాకు అనిపిస్తుంది.

అవ్వ మాట చివరికి పెట్టినాను. ఎందుకంటే అది విన్నాకే నా మనసు ఈ సినిమా వైపు మొగ్గింది. చూసినంతసేపు ఏమీ అనలేదు. అయినాక, “ఏందిరా ఇది తలకిందులుగా ఉండాది? మన గంగమ్మ కదా వేషాలేసుకుని తిరిగేది” అంది. తిరుపతోళ్ళకి చెప్పాల్సిన పనిలేదు గానీ మదనపల్లె, పలమనేరు వాళ్ళ కోసం చెప్తాను. తాతయ్యగుంట గంగమ్మ కథలో ఆడబిడ్డల్ని చెరిచే పాలెగాడు ఒకడుంటాడు. అమ్మకి భయపడి వాడు దాక్కుంటే, అమ్మ రోజుకో వేషంలో వాడి కోసం వెతుకుతుంది. మే నెల జాతరలో మనోళ్ళు వేసేది ఆ వేషాలే. బైరాగికి తెల్ల సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటికి బొగ్గు, దొరకి గంధం. దొర వేషం చూసి వాడు బయటికొస్తాడు, అమ్మ చేతిలో చస్తాడు. ముఖం కప్పుకున్నది వేటాడే తల్లి, దాక్కున్నది దుర్మార్గుడు. ఈ సినిమాలో తెల్ల ముఖమేసుకుని ఆడపిల్లల వెంట పడేది దుర్మార్గుడే. “ఆ పిల్లకి అమ్మ పూనాల, అప్పుడు కథ సరిపోతుంది” అని అవ్వ తీర్పు.

పుత్తూరక్క, హాలు పని:
అవ్వకి దండాలు. ఇంగ నా లెక్కలు. సినిమా 91 నిమిషాలు, హాలు పదకొండుకి ఖాళీ చెయ్యాల. రేటింగు ఆర్. పదిహేడు నిండని పిలకాయలు అమ్మానాన్న లేకుండా చూడకూడదు. ఉన్నా కూడా చిన్నబిడ్డల్ని నేను లోపలికి రానియ్యను, ముందే చెప్తాండాను. పక్క రూములో వాళ్ళకి రంగులూ కాగితాలూ పెడతాం. ఇంకోటి, ఎవురి ఇంట్లోనో ఉన్న డిస్కు తెచ్చి వేసేద్దాం అనొద్దండి. ఇంట్లో చూసేదానికి కొన్నది హాల్లో వెయ్యకూడదు, టికెట్ పెట్టకపోయినా అంతే. పబ్లిక్ షోకి వేరే లైసెన్సు తీసుకోవాల.

పీలేరు తమ్ముడు:
అక్కా, ఆ డబ్బేదో పెట్టి మన ‘అన్వేషణ’ వేద్దాం. 1985 వంశీ సినిమా, మన తలకోన అడివి, ఇళయరాజా సంగీతం, హత్య చేసేది పులా మనిషా అనే అనుమానం. భయమూ ఉంది, ఊరూ ఉంది.

తిరుపతి నుంచి, సినిమా పని చూసేవాడు:
తమ్ముడూ, నాకూ ఇష్టమే. కానీ ఆ హక్కులు ఇప్పుడు ఎవురి దగ్గరున్నాయో పట్టుకోవాల, అక్టోబరు లోపల అది తెమిలే పని కాదు. ఉగాదికి పెట్టుకుందాం, ఇప్పటినుంచే నువ్వు వెతుకు. ‘హాలోవీన్’కి ఇంకో కారణం కూడా ఉంది. కార్పెంటర్‌తో కలిసి ఇది రాసి, నిర్మించిన డెబ్రా హిల్ పుట్టింది మన పక్కనే, న్యూజెర్సీ హాడన్‌ఫీల్డ్‌లో. సినిమాలో ఊరికి ఆ పేరే పెట్టినారు. మనలో సగం మంది చెర్రీ హిల్‌లో కూరగాయలకి పోతా ఆ ఊరు దాటుకునే పోతాం.

మదనపల్లె అన్న, ఆడియో:
నాకు ఇంకా ఒప్పుకోబుద్ధి కాలేదు. అబ్బాయిలతో తిరిగిన అమ్మాయిలు చస్తారు, బుద్ధిగా చదువుకునేది బతుకుతుంది. మన ఆడబిడ్డలకి చెప్పే పాఠం ఇదేనా? ఈ మాట అనేది నేనొక్కడినే కాదు, సినిమా వచ్చినప్పటి నుంచీ విమర్శ ఉండేదే.

పుంగనూరు చెల్లి:
అన్నా, విమర్శ నిజమే. డైరెక్టరు తన ఉద్దేశం అది కాదన్నాడు, చూసేవాళ్ళకి అట్లా తోస్తే మనమేం చేస్తాం. కానీ ఆ అమ్మాయి బతికింది బుద్ధిమంతురాలని కాదు. అల్లిక సూదితో పొడుస్తుంది, బట్టలు తగిలించే కమ్మీ వంచి కంట్లో గుచ్చుతుంది. చేతికేది దొరికితే అది. నాకయితే అవ్వ చెప్పిన పూనకం అక్కడ కనిపించింది. సినిమా అయినాక పదిహేను నిమిషాలు మాట్లాడుకుందాం, నువ్వే మొదలుపెట్టు. ఒప్పుకోనోడు మాట్లాడితేనే చర్చ బాగుంటుంది.

మదనపల్లె అన్న, ఆడియో:
మైకు నాకిస్తానంటే వస్తా.

పీలేరు తమ్ముడు:
అయితే ఒకటి చేద్దాం. వాకిట్లో ఎవురికైనా బైరాగి వేషమేసి నిలబెడితే వచ్చినోళ్ళు దడుసుకుంటారు, ఫొటోలు కూడా బాగుంటాయి.

పుత్తూరక్క, హాలు పని:
వద్దు నాయనా. అది మొక్కుకుని వేసేది. మా నాన్న వేసినాడు, నాకు తెలుసు. జనాన్ని దడిపించేదానికి గంగమ్మ వేషం పెట్టే పనయితే నేను హాలు తాళం ఇయ్యను. కథ చెప్పండి, ఎవురూ కాదనరు.

తిరుపతి నుంచి, సినిమా పని చూసేవాడు:
అక్క మాటే నా మాట. సినిమాకి ముందు గంగమ్మ కథ ఐదు నిమిషాలు చెల్లి చెప్తుంది. ఇంగ్లీషు రాని పెద్దోళ్ళ కోసం కథ తెలుగులో ఒక పేజీ నేను రాసి పంపిస్తా, చివర ఏమైందో చెప్పకుండా. గుండె జబ్బున్నోళ్ళకి వాకిలి దగ్గరే చెప్పేయండి. సినిమా ఎనిమిదిన్నరకి మొదలు, పదింటికి కాస్త అటుగా అయిపోతుంది, చర్చకీ సర్దడానికీ దాదాపు గంట మిగులుతుంది. అన్నా, ఆ పియానో ముక్క వచ్చినప్పుడు సౌండు తగ్గించొద్దు, సగం సినిమా అదే. లైసెన్సుకి ఎంతవుతుందో తెలిసినాక ఖజానా చూసే బావని అడుగుదాం. ఆయన ఇంకా ఈ మాటల్లోకి రాలేదు.

పలమనేరు బావ, ఖజానా:
అన్నీ చదువుతానే ఉండా. అవ్వ చెప్పింది కాబట్టి ఊరుకున్నా. రేటు వచ్చినాక పంపండి. పాప్‌కార్న్ మెషీను అద్దెకి మాత్రం డబ్బులిచ్చేది లేదు.

పీలేరు తమ్ముడు:
పాప్‌కార్న్ ఎందుకు బావా, మసాలా బొరుగులు నేను కలుపుతా. ఎర్రగడ్డలు తరగడానికి ఇద్దరు కావాల. చెనక్కాయలు పడనోళ్ళకి వేరే గిన్నెలో పెడతా. పేర్లు ఇయ్యండి.

పుంగనూరు చెల్లి:
నేను ఒకదాన్ని.