'బేబీ బూమ్' ముగింపు మీకు నమ్మబుద్ధి అవుతుందా?

నిద్రకరవు:
నిన్న రాత్రి పాపను నిద్రపుచ్చి, తెల్లారితే ఇవ్వాల్సిన నివేదికను పక్కన పడేసి, 'బేబీ బూమ్' మళ్లీ చూశాను. 1987 నాటి సినిమా. చిన్నప్పుడు క్యాసెట్టు అరిగిపోయేలా చూశాం. మధ్యలో ఒకచోట బొమ్మ గీతలు గీతలుగా వణికేది. ఇప్పుడు బొమ్మ అద్దంలా ఉంది కానీ, ఆ చోటు వచ్చినప్పుడు గీతలు లేవే అని వెలితిగా అనిపించింది.

చూడనివారి కోసం: డయాన్ కీటన్ మన్‌హాటన్‌లో పేరున్న కన్సల్టెంట్. సంస్థలో భాగస్వామి హోదా రేపోమాపో అనగా, దూరపు బంధువు చనిపోయి ఆమెకు ఆస్తికి బదులు ఒక పసిపాపను మిగిల్చి వెళతాడు. క్లయింటుతో భోజనం ఉంది, పాపను చూసేవాళ్లు లేరు. రెస్టారెంట్‌లో కోట్లు (డబ్బు కాదు, తొడుక్కునేవి) భద్రపరిచే అమ్మాయి చేతిలో పెట్టేసి లోపలికి వెళ్లిపోతుంది.

ఆ సన్నివేశానికి నేను పడీపడీ నవ్వేదాన్ని. అమ్మ మాత్రం సరిగ్గా అక్కడే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లేది. అమ్మ ఉద్యోగం చేసేది. నాకు ఒంట్లో బాగోలేక, ఇంట్లో ఎవరూ లేని రోజుల్లో తన ఆఫీసు బల్ల కింద దుప్పటి పరిచి పడుకోబెట్టేది. పని చేసుకుంటూనే మధ్యమధ్య కాలితో నన్ను మెల్లగా తట్టేది. దగ్గొద్దని సైగ అనుకునేదాన్ని.

పోయిన వారం వీడియో సమావేశంలో ఉండగా మా పాప నా బల్ల కింద దూరింది. నా కాలు దానంతట అదే కదిలి, దాన్ని తట్టింది. పాపకు నా అంత బుద్ధి లేదు, బొటనవేలు కొరికింది. నేను కెవ్వుమన్నాను. లెక్కలు చూపిస్తున్న సహోద్యోగి పాపం, అంకెలు తప్పాయనుకుని క్షమాపణ చెప్పాడు.

ఇక ప్రశ్న. సినిమాలో ఆమె ఉద్యోగం వదిలి, వెర్మాంట్ రాష్ట్రంలోని పల్లెకు వెళ్లి మొదలుపెట్టిన పసిపిల్లల ఆహారం వ్యాపారం పుంజుకున్నాక, దాన్ని 30 లక్షల డాలర్లకు కొంటామని వస్తారు. వద్దంటుంది. పాప కోసం అంత డబ్బును కాదనుకుంది అని అందరూ మెచ్చుకుంటారు. అప్పటికే సొంత వ్యాపారం నిలదొక్కుకుంది కాబట్టే కాదనగలిగిందని నాకు అనిపిస్తోంది. నెల జీతం మీద బతికే మనకు ఈ ముగింపు ఏ మూలకు?

పాతపెట్టె:
ముగింపును తప్పుపట్టే ముందు కాలం చూడండి. అమెరికాలో బిడ్డ పుట్టినా, దత్తతకు తీసుకున్నా సెలవు ఇవ్వాలనే దేశవ్యాప్త చట్టం వచ్చింది 1993లో. అదీ 12 వారాలు, జీతం లేకుండా, 50 మందికి తక్కువ కాకుండా ఉన్న సంస్థల్లో. 1987లో ఆ పాత్ర ఏ కాగితం చూపించి సెలవు అడుగుతుంది? కథకు దారి దొరక్క పల్లెకు తోలారు. నాకు గుర్తుండిపోయింది ముగింపు కాదు, మొదట్లో పైఅధికారి మాట. ఇంట్లో అన్నీ చూసుకునే భార్య ఉంది కాబట్టి తనకు రెండూ దక్కాయంటాడు. బెదిరించినట్టు కాదు, సొంత మనిషికి మంచి చెప్పినట్టు. ఒళ్లు మండేది అందుకే.

ఇద్దరి తండ్రి:
పల్లెకు తోలడం అన్నారు కానీ, నాకు ప్రాణం ఆ భాగమే. బావి ఎండిపోయిందనగానే ఆమె స్పృహ తప్పుతుంది. లేచి, ఎదురుగా ఉన్న డాక్టరుకు తన గోడంతా వెళ్లబోసుకుంటుంది. తీరా చూస్తే ఆయన పశువుల డాక్టరు!
దీనికి జోడీగా 1983 నాటి 'మిస్టర్ మామ్' చూడండి. అందులో మైకేల్ కీటన్ (డయాన్‌కు బంధువు కాడు) కార్ల కంపెనీలో ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుంటాడు, భార్య ఉద్యోగానికి వెళుతుంది. పిల్లల్ని బడి దగ్గర దింపడానికి కార్ల వరుసలో ఎదురు దిశలో వెళ్లి అందరిచేతా చీవాట్లు తింటాడు. నేనూ తిన్నాను. తేడా ఏమిటంటే, నన్ను చూసి అక్కడి తల్లులు నవ్వి దారి చూపించారు. మర్నాడు మా ఆవిడ అదే పని చేస్తే ఒక్కరూ నవ్వలేదు.

నిద్రకరవు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఇవాళ అమ్మకు ఫోన్ చేసి, ఆ సన్నివేశం దగ్గర ఎందుకు లేచిపోయేదానివని అడిగాను. "ఆ కోట్ల అమ్మాయికి పసిపిల్లను ఎత్తుకోవడం వచ్చో రాదో అని కంగారు, చూడలేకపోయేదాన్ని" అంది. బల్ల కింద నేను అంతగా దగ్గేదాన్నా అంటే, "దగ్గా? నువ్వు మొద్దునిద్ర పోయేదానివి. ఉన్నావో లేదో చూసుకునేదాన్ని" అంది.
ముగింపు సంగతీ అడిగాను. "ముగింపు నేనెప్పుడు చూశాను? లేచి వెళ్లి మర్నాటికి మీ బట్టలు ఇస్త్రీ చేసేదాన్ని. ఇంతకీ ఆ పిల్లను ఎవరికైనా ఇచ్చేసిందా, ఉంచుకుందా?"