విశాఖలో వికలాంగులకు ప్రత్యేక పోలీస్ స్టేషన్ కావాలా, ప్రతి స్టేషనూ మారాలా?

సాగరతీరం:
సైబర్ నేరాలకు వేరే స్టేషన్ ఉంది, ట్రాఫిక్‌కు వేరే స్టేషన్లున్నాయి. అలాగే విశాఖ కమిషనరేట్‌లో వికలాంగుల ఫిర్యాదుల కోసం ఒక ప్రత్యేక స్టేషన్ ఉండాలన్నది నా వాదన. సైగల భాష ఇంటర్‌ప్రెటర్లు దొరకడమే కష్టం. ఉన్న కొద్దిమందినీ భీమిలికీ, దువ్వాడకీ, గోపాలపట్నానికీ పంచితే ఎవరికీ అందరు. ఇరవై చోట్ల అరకొరగా ఉండే బదులు ఒకచోట ఇద్దరు ఇంటర్‌ప్రెటర్లు, ఒక స్పెషల్ ఎడ్యుకేటర్, ర్యాంపు, సరైన మరుగుదొడ్డి, ఫిర్యాదులు రాసుకునే, శిక్షణ పొందిన రైటర్ ఉంటే పని జరుగుతుంది. జీరో ఎఫ్‌ఐఆర్, అంటే సంఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్, ఎక్కడైనా కట్టొచ్చు కాబట్టి పరిధి గొడవ కూడా లేదు. ఒప్పుకోనివాళ్లు కారణాలు చెప్పండి.

కంచరపాలెం వకీలు:
మీ ఉద్దేశం మంచిదే గానీ చట్టం ఒక దిక్కుకు నడుస్తుంటే మీరు ఇంకో దిక్కుకు లాగుతున్నారు. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో 173వ సెక్షన్ చూడండి. లైంగిక నేరాలు, యాసిడ్ దాడి లాంటి వాటిలో బాధితురాలికి వైకల్యం ఉంటే, అది తాత్కాలికమైనా సరే, అధికారే ఆమె ఇంటికో ఆమె కోరిన చోటికో వెళ్లాలి. ఇంటర్‌ప్రెటర్ లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ సమక్షంలో ఫిర్యాదు రాసుకోవాలి, వీడియో తీయాలి. సాక్షులకైతే 179 ఇంకా విశాలం. ఏ కేసయినా సరే, వికలాంగుల్ని వాళ్లుంటున్న చోటు దాటి రమ్మనకూడదు.

ఇప్పుడు ప్రత్యేక స్టేషన్ పెట్టారనుకోండి. భీమిలి కౌంటర్‌లో వినిపించే మొదటి మాట ‘మీకు సిటీలో వేరే స్టేషన్ ఉందమ్మా, అక్కడికెళ్లండి’. పాతిక కిలోమీటర్లు చక్రాల కుర్చీ వేసుకుని ఏ బస్సెక్కాలి?

మీ వాదనకు బలమిచ్చే లోపం ఒకటుంది, అదీ చెప్తాను. 173లోని ఆ రక్షణ భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 64 నుంచి 71, 74 నుంచి 79, 124 సెక్షన్ల నేరాలకే. చూపు లేని మనిషి 6,000 రూపాయల పింఛను ఎవరో కాజేస్తే అది అక్కరకు రాదు. అక్కడ 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తగిన సదుపాయం, న్యాయం అందడం గురించి చెప్పే 3(5), 12 సెక్షన్లు పట్టుకోవాలి. ఫిర్యాదు మొదటి పేరాలోనే ‘నాకు ఫలానా సదుపాయం కావాలి’ అని ఆ సెక్షన్లతో సహా రాస్తే, ఇవ్వనప్పుడు పైవాళ్లకు చూపించడానికి కాగితం మిగులుతుంది. నోటిమాటగా అడిగితే ఏమీ మిగలదు.

పాత రైటర్:
జీరో ఎఫ్‌ఐఆర్ గురించి సాగరతీరం గారు అనుకుంటున్నది సగమే నిజం. అది కట్టిన చోట కేసు ఉండిపోదు. సంఘటన జరిగిన స్టేషన్‌కు బదిలీ అవుతుంది, అక్కడ కొత్త నంబరు, కొత్త ఐవో (దర్యాప్తు అధికారి). అంటే శిక్షణ ఉన్నవాళ్లు ఒకసారి వింటారు, శిక్షణ లేనివాళ్లు మళ్లీ మొదటినుంచీ అడుగుతారు. మొదట ‘దీపాలు పెట్టే వేళ’ అని చెప్పింది రెండోసారి ‘రాత్రి’ అని పడిందా, కోర్టులో డిఫెన్సు వాళ్లు ఆ ఒక్క మాట పట్టుకునే క్రాస్ (ఎదురు ప్రశ్నలు) నడుపుతారు.

దీనికి మందు స్టేషన్‌లో లేదు, బీఎన్‌ఎస్‌ఎస్ 183(6)లో ఉంది. 173లో చెప్పిన ఆ నేరాల్లో వీలైనంత త్వరగా మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇప్పించాలి. ఇంటర్‌ప్రెటర్‌తో, వీడియోతో తీసుకున్న ఆ వాంగ్మూలమే విచారణలో చీఫ్ (సాక్షి మొదట చెప్పే సాక్ష్యం) కింద చెల్లుతుంది. తర్వాత క్రాస్ ఒక్కటే మిగులుతుంది, కథంతా మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. రోడ్ల మీద తిరుగుతున్న మానసిక రోగుల్ని మీరు ఏ ప్రత్యేక స్టేషన్‌కు పంపుతారు? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం వాళ్లు కనిపించిన పరిధిలోని స్టేషనే బాధ్యత తీసుకోవాలి. 24 గంటల్లోపు ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించాలి, మనకు చినవాల్తేరు మానసిక వైద్యశాల ఉండనే ఉంది. లాకప్‌లో మాత్రం ఏ పరిస్థితిలోనూ ఉంచకూడదు. ఈ సంగతి ప్రతి నైట్ డ్యూటీ కానిస్టేబుల్‌కూ తెలియాల్సిందే.

చేతిభాష:
ఇంటర్‌ప్రెటర్ వస్తే అంతా కుదిరిపోతుందని మీరంతా అనుకుంటున్నారు. కుదరదు. బడికి వెళ్లని బధిరులకు భారతీయ సైగల భాష రాదు, ఇంటి సైగలే వస్తాయి. అమ్మకు అర్థమయ్యే సైగ ఇంటర్‌ప్రెటర్‌కు అర్థం కాదు. అప్పుడు పోలీసులు చేసే సులువైన పని ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి చెప్పించడం. 2012లో రాజస్థాన్ ప్రభుత్వం, దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని మీదే మాట్లాడింది. అనువాదం చేసేవారు సాక్షి పరిసరాల మనిషైతే మంచిదే, కానీ కేసుతో ఏ ప్రయోజనమూ ఉండకూడదు, ప్రమాణం చేయించాలి. నిందితుడు సొంత బంధువే అయిన కేసుల్లో ఇది ఎంత అవసరమో వేరే చెప్పాలా?

తలూపడం దగ్గర మరీ జాగ్రత్త. ‘నిన్ను కొట్టాడా?’ అని అడిగితే బధిరులు తలూపారంటే అది ‘అవును’ కాకపోవచ్చు, ‘నువ్వు అడిగింది చూస్తున్నాను’ అని కావచ్చు. రైటర్ దాన్ని ‘కొట్టాడు’ అని రాసేస్తారు. అందుకే అవును, కాదు ప్రశ్నలు వద్దు. ‘ఏం జరిగింది, చూపించు’ అనాలి. గది పటం గీసిచ్చి ఎవరు ఎక్కడున్నారో వేలితో పెట్టమనాలి, ఆ పటాన్ని కేసు ఫైల్లో ఉంచాలి.

వీడియోలోనూ అదే కథ. కెమెరా ఇంటర్‌ప్రెటర్ మీదే పెడతారు, ఎందుకంటే గొంతు అక్కణ్ణుంచి వస్తుంది. బాధితురాలి చేతులు ఫ్రేములో ఉండవు. లేదా ఆమె వెనక కిటికీ ఉండి ముఖం నల్లగా పడుతుంది. సైగల భాషలో సగం అర్థం కనుబొమల్లో, పెదవుల్లో ఉంటుంది. ఇద్దరూ నడుం నుంచి తల దాకా ఒకే ఫ్రేములో, వెలుతురు ముందునుంచి పడేలా ఉండాలి. లేదంటే ఆ వీడియోతో అనువాదం సరైనదో కాదో ఎవరూ సరిచూడలేరు.

కొలతబద్ద:
కట్టడాల సంగతి నేను చెప్తాను. ప్రభుత్వ భవనాలను వికలాంగులకు అనువుగా మార్చడానికి వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చిన ఐదేళ్ల గడువు 2017 జూన్ 15 నాటి నిబంధనల నుంచి లెక్క, అది 2022లోనే దాటిపోయింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనల్లోని 15(1)నే కొట్టేసి, సలహాలు చాలవు, తప్పనిసరి ప్రమాణాలు తెమ్మంది.

15 సెంటీమీటర్ల మెట్లు మూడుంటే ఎత్తు 45. 1:12 వాలుకు, అంటే ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు లెక్కన, 5.4 మీటర్ల ర్యాంపు కావాలి. మెట్ల పక్క రెండు మీటర్ల జాగాలో సిమెంటు పోసి ర్యాంపు అనేస్తే అది దాదాపు 1:4.5. ఆ వాలులో కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. జాగా లేకపోతే మలుపు తిప్పాలి, మలుపులో 1.5 మీటర్ల చదును వదలాలి. నున్నటి టైల్స్ వద్దు, వానలో జారతాయి. మన ఉప్పుగాలికి ఇనుప రెయిలింగు పొక్కులు లేచి అరచేతులు గీరుతుంది, మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టాలి. తలుపు 90 సెంటీమీటర్లు, కౌంటర్‌లో ఒక భాగం 75 నుంచి 80 ఎత్తు. ఇవన్నీ కట్టాక సీజ్ చేసిన బళ్లు తెచ్చి ర్యాంపు ముందే పెడితే కట్టీ దండగ. దీనికి ప్రత్యేక స్టేషన్ ఎందుకు? ఒక స్టేషన్‌కు ఇది మహా పెద్ద పనేమీ కాదు.

సాగరతీరం:
ర్యాంపు, కౌంటర్, ఇంటికి వెళ్లడం, వీటిలో మీ మాట ఒప్పుకుంటున్నాను. ఇంటర్‌ప్రెటర్ దగ్గర మాత్రం ఒప్పుకోను. రాత్రి పదకొండుకు గాజువాక స్టేషన్‌కు ఒక బధిర మహిళ వస్తే ఎవరిని పిలుస్తారు? అందుకే ఒకచోట ఉండాలంటున్నాను.

చేతిభాష:
మనుషులు ఒకచోట ఉండక్కర్లేదు, జాబితా ఒకచోట ఉంటే చాలు. 2021లో పటాన్ జమాల్ వలీ కేసులో సుప్రీంకోర్టు సూచించింది కూడా ఇదే. ఇంటర్‌ప్రెటర్ల, స్పెషల్ ఎడ్యుకేటర్ల పేర్లు పోలీసుల దగ్గర సిద్ధంగా ఉండాలంది. అది మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన కేసు. కంట్రోల్ రూములో ఒక జాబితా, రాత్రికి వంతులవారీగా ఒకరు. ఫోను చేతిలో పట్టుకోకుండా స్టాండు మీద పెట్టి వీడియో కాల్‌లో ముందు మూడే అడగాలి: గాయమైందా, వాడు ఎక్కడున్నాడు, ఈ రాత్రి ఎక్కడ ఉంటావు? పూర్తి వాంగ్మూలం ముఖాముఖిగా తీసుకోవాలి. ఇంటర్‌ప్రెటర్ రాలేదని ఫిర్యాదు మాత్రం ఆపకూడదు, చదువొచ్చినవాళ్లు రాసిస్తే తీసుకోవాలి. అసలు చిక్కు డబ్బు. వచ్చిన ఇంటర్‌ప్రెటర్‌కు ఆటో ఛార్జీ కూడా ఇవ్వకపోతే రెండోసారి ఫోను ఎత్తరు.

కంచరపాలెం వకీలు:
ఆ ఫీజు సంగతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో అర్జీగా పెట్టాలి. గంటకు ఇంత, రాత్రికి ఇంత, ఏ పద్దు నుంచి, ఎన్ని రోజుల్లో అని స్పష్టంగా రాయాలి. లాయరు ఖర్చుకు భయపడక్కర్లేదు, 1987 న్యాయసేవల చట్టం ప్రకారం వికలాంగులకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత సాయం ఉంది, న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయొచ్చు. అదే అర్జీలో ఎఫ్‌ఐఆర్ నకలు గురించి కూడా చేర్చండి. నకలు ఉచితంగా ఇస్తారు, కానీ స్కాన్ చేసిన బొమ్మగా ఇచ్చినా, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసినా చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాల్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్) చదవలేదు. యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలు ఇమ్మని అడగండి.