టైటనేట్ ఉపరితలం: రాత్రంతా కూర్చున్నా రీడింగ్ నిలబడట్లేదు

ల్యాబ్‌పక్షి:
నిన్న రాత్రి 9 నుంచి ఇదే పని. స్ట్రాన్షియం టైటనేట్ ఉపరితలం మీద లాంథనమ్ అల్యూమినేట్ పొర వేశాను. షీట్ రెసిస్టెన్స్, అంటే పలుచటి పొర చూపే విద్యుత్ నిరోధం, ఒకచోట ఆగదు. మొదట 11 కిలో ఓమ్‌లు, టీ తాగొచ్చేసరికి 14, ఆ తర్వాత 19. వైర్లు మూడుసార్లు మార్చాను. మార్చిన ప్రతిసారీ మళ్లీ 11 దగ్గరికొచ్చి, మళ్లీ ఎక్కుతుంది. మీటరూ మార్చాను. పొద్దున సార్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

సున్నాకెల్విన్:
మందం? ఆక్సిజన్ పీడనం?

పాతకాపు:
ముందు మాట సరిచేసుకోండి. మీరు కొలిచేది ఉపరితలం కాదు, అంతర్ముఖం. ఓటోమో, హ్వాంగ్ అనే శాస్త్రవేత్తలు 2004లో చూపించింది కరెంటు పారని రెండు బంధకాలు కలిసేచోట పుట్టే ఎలక్ట్రాన్ పొర. ఒట్టి టైటనేట్‌ను వాక్యూమ్‌లో విరగ్గొట్టి, ఆ ముఖం మీదే ఎలక్ట్రాన్లను చూసింది 2011లో. రెండూ కలపకూడదు.

బంతిపూలు:
అంతర్ముఖుడంటే నలుగురిలో కలవనివాడండీ. ఇక్కడేమో కలిసేచోటుకి ఆ పేరా! సరిహద్దు అంటే పోలా?

పాతకాపు:
సరిహద్దు అంటే గీత. ఇక్కడ ఎలక్ట్రాన్లు టైటనేట్ లోపలికి కొన్ని నానోమీటర్లు పరుచుకుంటాయి.

ల్యాబ్‌పక్షి:
మందం 5 యూనిట్ సెల్స్ (స్ఫటికంలో పదేపదే వచ్చే అతిచిన్న గడులు). పీడనం 0.0001 మిల్లీబార్. చెప్పడం మర్చిపోయా.

సున్నాకెల్విన్:
మందం 4 సెల్స్ దాటింది కాబట్టి వాహకత రావాల్సిందే. ఆక్సిజన్ మరీ తక్కువై స్ఫటికమంతా ఆక్సిజన్ పరమాణువులు లేని ఖాళీలు పడి ఉంటే ఇన్ని కిలో ఓమ్‌లు చూపించదు, ఎంతో తక్కువ వస్తుంది. పొర బాగానే ఉంది. లైట్ ఆపారా?

ల్యాబ్‌పక్షి:
ఏ లైట్?

సున్నాకెల్విన్:
వైర్లు ఏం పెట్టి చూసి అతికిస్తున్నారు?

ల్యాబ్‌పక్షి:
మైక్రోస్కోప్... దాని ల్యాంప్. అయ్యో.

సున్నాకెల్విన్:
అదే. టైటనేట్ బ్యాండ్ గ్యాప్, అంటే లోపలి ఎలక్ట్రాన్ విడిపడి కదలడానికి కావాల్సిన శక్తి, 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. వెలుగులో కాస్త అతినీలలోహితం ఉన్నా అదనపు ఎలక్ట్రాన్లు లేస్తాయి, నిరోధం పడిపోతుంది. ల్యాంప్ ఆపాక అవి గంటల తరబడి మెల్లగా సర్దుకుంటాయి. మీరు చూసింది ఆ ఎక్కడమే. నల్లగుడ్డ కప్పి ఒక రోజు వదిలేయండి. ట్యూబ్‌లైట్ కూడా వద్దు.

పాతకాపు:
అసలు ఆ ఎలక్ట్రాన్లు ధ్రువ పొరల (ధన, రుణ ఆవేశాలున్న పొరల) వల్ల వచ్చాయా, ఖాళీల వల్లా అన్నది తేల్చకుండా వైద్యం చెబితే ఎలా?

బంతిపూలు:
అది తేలేలోపు ఈయన పీహెచ్‌డీ అయిపోతుంది.

ల్యాబ్‌పక్షి:
కప్పేశా. ఇంకా ఎక్కుతోంది గానీ నెమ్మదించింది. థాంక్స్ అండీ. సార్ ఇవాళ రారట, పడుకుంటా.

పాతకాపు:
ఇంతకీ సరిహద్దు తప్పే.