చర్చ: ఓలిన్ స్టీఫెన్స్ గీసిన పాత కొయ్య పడవలను నడిసముద్రపు పందేల్లో దింపడం సబబేనా?

తీరవాసి:

అమెరికా పడవల రూపశిల్పి ఓలిన్ స్టీఫెన్స్ (1908–2008) ఎం.ఐ.టి.లో చేరిన కొద్ది కాలానికే అనారోగ్యంతో చదువు మానేశారు. 1929లో పడవల బ్రోకరు డ్రేక్ స్పార్క్‌మన్‌తో కలిసి న్యూయార్క్‌లో స్పార్క్‌మన్ అండ్ స్టీఫెన్స్ అనే పడవలు గీసే సంస్థ పెట్టి, మరుసటి ఏడాదే తండ్రి పెట్టుబడితో ‘డొరేడ్’ అనే 52 అడుగుల కొయ్య యాట్‌ను నీటిలోకి దించారు. 1931లో, తన ఇరవై మూడో ఏట, తండ్రినీ తమ్ముడు రాడ్‌నూ వెంటబెట్టుకుని న్యూపోర్ట్ నుంచి ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌కు జరిగిన అట్లాంటిక్ పందెంలో ఆ పడవతోనే గెలిచారు. వారికంటే ఎంతో పెద్ద పడవలు సైతం వారి తరువాత రెండు రోజులకు గాని ప్లిమత్ చేరలేకపోయాయి. 1936లో కాలిఫోర్నియా నుంచి హొనొలులుకు సాగే ట్రాన్స్‌పాక్ పందేన్ని కూడా డొరేడ్ గెలిచింది. డెబ్బై ఏడేళ్ల తరువాత, 2013లో, కొత్త యజమానులు దానిని అదే పందెంలో దింపితే హ్యాండిక్యాప్ లెక్కన (పడవల తేడాలను బట్టి సమయాన్ని సర్దే పద్ధతిలో) మళ్లీ మొదటి స్థానంలో నిలిచింది.

ఈ రెండో విజయాన్ని అందరూ మెచ్చుకుంటున్నారు గాని నాకు మాత్రం మనసొప్పడం లేదు. అలల తాకిడికి పాత ఫ్రేము (పలకలను మోసే పక్కటెముక వంటి కొయ్య) విరిగితే కొత్తది వేస్తారు, పలక చీలితే అదీ మారుస్తారు. అలా మార్చుకుంటూ పోతే 1930లో దాన్ని కట్టిన న్యూయార్క్ సిటీ ఐలండ్ వడ్రంగులు చిత్రిక పట్టిన కొయ్యలో చివరికి మిగిలేదెంత? ఇటువంటి పడవలు ప్రశాంతమైన నీటిలో మెల్లగా తిరగాలే గాని, వేల మైళ్ల పందేలకు పంపడం వాటిని చేజేతులా అరగదీయడమేనని నా అభిప్రాయం.

గాలివాటు:

తీరవాసి గారూ, మీ ఆందోళన నాకు అర్థమవుతున్నది, కాని కొయ్య పడవను పాడుచేసేది ప్రయాణమే అన్న మాటతో నేను ఏకీభవించలేను. కొయ్యను కుళ్లబెట్టేది ఎక్కువగా ఉప్పునీరు కాదు, డెక్ సందుల్లోంచి దిగి గాలి ఆడని మూలల్లో నిలిచిపోయే వాననీరు. ఇక ఒడ్డున ఎక్కించి ఉంచిన పడవకు పలకలు ఎండి, సందులు విచ్చుకుంటాయి. తిరిగి నీటిలో దించినప్పుడు అవి ఉబ్బి దగ్గరపడేదాకా నీరు కారుతూనే ఉంటుంది. వాడకంలో ఉన్న పడవను రోజూ ఎవరో ఒకరు తడిమి చూస్తారు, అడుగున చేరిన నీటిని తోడేస్తారు, రంగు లేచిన చోట ఆగుతారు.

ఇదే సంస్థ గీసిన ‘బ్రిలియంట్’ అనే 1932 నాటి రెండు స్తంభాల తెరచాప పడవ, అంటే స్కూనర్‌ను చూడండి. 1953 నుంచి అది కనెక్టికట్‌లోని మిస్టిక్ సీపోర్ట్ మ్యూజియం ఆస్తి. ఒక మ్యూజియం, తన చేతికి వచ్చిన పడవను తాళ్లు కట్టి ప్రదర్శనకు పెట్టకుండా, పిల్లలకు సముద్రయానం నేర్పే శిక్షణ పడవగా దశాబ్దాలుగా నడుపుతున్నది. అది ఈనాటికీ గట్టిగా ఉండడానికి ఆ వాడకం, దాని వెంట ఉండే సంరక్షణ కూడా కారణాలని నేను నమ్ముతున్నాను.

కొయ్యచిత్రిక:

మీరిద్దరూ చెప్పిన దానిలో నిజముంది, కాని పందేనికీ మామూలు ప్రయాణానికీ ఉన్న తేడా ఎక్కడ పడుతుందో ఇద్దరూ చెప్పలేదు. నేను పడవల మరమ్మతు పనిలో ఉన్నవాణ్ణి కనుక కొంచెం వివరంగా రాస్తాను.

డొరేడ్ వంటి పడవలో ఓక్ ఫ్రేములను ఆవిరిపెట్టెలో ఉడికించి, బయటికి తీసిన క్షణాల్లోనే వంచి బిగిస్తారు. అంగుళం మందానికి సుమారు గంట ఆవిరి పట్టాలన్నది మా పనిలో అందరూ పాటించే లెక్క. చల్లారిందంటే కొయ్య మాట వినదు. ఈ ఫ్రేముల మీద మహాగని పలకలు వేసి, సందుల్లో నూలు కూరుతారు. ఈ నిర్మాణంలో సత్తువంతా కొద్దిపాటి సాగుదలలోనే ఉంటుంది. అల తగిలినప్పుడు పడవ దేహమంతా కొద్దిగా కదిలి ఆ దెబ్బను పంచుకుంటుంది. 1930ల్లో తెరచాపలు నూలుబట్టవి, తాళ్లు చాలావరకు జనపనార వంటి పీచువి. గాలి ఒక్కసారి విసిరికొడితే ముందు అవి సాగేవి, ఆ తరువాతే మిగిలిన బలం కొయ్యమీదికి వచ్చేది. ఇప్పటి తెరచాపలు, తాళ్లు దాదాపు సాగవు. అందుచేత విసురంతా తెరచాప స్తంభం మొదట్లోకి, పక్క తీగలను పడవకు పట్టి ఉంచే లోహపు పట్టీల దగ్గరికి నేరుగా చేరుతుంది. ఆ పట్టీల వెనుక ఫ్రేములు వంపు దగ్గర చిట్లడం, పడవ వెన్నుదూలమైన కీల్‌ను ఆనుకుని ఉండే అట్టడుగు పలక సందులోంచి నూలు బయటికి రావడం నేను చూశాను.

కనుక నా అభిప్రాయమిది: పాత పడవ పందెం ఆడవచ్చు, కాని తాను మోయడానికి పుట్టిన బలాలనే మోయాలి. ఇప్పటి బట్ట, ఇప్పటి తాళ్లు బిగించి, కొయ్య మాత్రం పాతదని గర్వపడడం సరికాదు.

తీరవాసి:

ఈ వివరణకు కృతజ్ఞతలు. దీనివల్ల నా వాదన బలపడిందనే అనుకుంటున్నాను. మరొక ఉదాహరణ చెబుతాను. స్టీఫెన్స్ గీసిన ‘ఇంట్రెపిడ్’ 1967లో అమెరికాస్ కప్ అనే పేరున్న తెరచాప పడవల పోటీ గెలిచింది. చుక్కానిని కీల్ నుంచి వేరుచేసి వెనక్కి జరపడం ఆ పడవలోని పెద్ద మార్పు. 1970 పోటీకి ముందు బ్రిట్టన్ చాన్స్ అనే మరొక రూపశిల్పి దాని అడుగుభాగాన్ని మార్చారు. అయినా అది మళ్లీ గెలిచింది. ఆ కప్పు గెలిచిన చివరి కొయ్య పడవ అదే. ఇప్పుడు దానిని పునరుద్ధరించేవారు ఏ రూపానికి తీసుకెళ్లాలి? 1967 నాటిదానికా, 1970 నాటిదానికా? గెలుపు కోసం చేసిన ప్రతి మార్పూ రూపశిల్పి పనిని కొంత తుడిచేస్తుందని చెప్పడానికే దీనిని ప్రస్తావించాను.

గాలివాటు:

ఆ మార్పులను అందరికంటే ఎక్కువగా కోరుకున్నవారు స్టీఫెన్సే కదా. పది అడుగులకు కాస్త మించిన వెడల్పుతో డొరేడ్ మరీ సన్నగా ఉంది, వెనుకగాలిలో విపరీతంగా ఊగుతుంది. ఆ లోపాన్ని గుర్తించి 1934లో ‘స్టార్మీ వెదర్’ను వెడల్పుగా గీశారు, అది మరుసటి ఏడాదే నార్వేకు జరిగిన అట్లాంటిక్ పందెం గెలిచింది. 1930ల్లోనే హోబోకెన్‌లో కెనెత్ డేవిడ్‌సన్ నడిపిన నీటితొట్టిలో నమూనాలను లాగి పరీక్షించే పద్ధతిని అందిపుచ్చుకున్నారు. 1937 నాటి ‘రేంజర్’ను స్టార్లింగ్ బర్జెస్‌తో కలిసి ఉక్కుతో చేశారు, 1974 నాటి ‘కరేజియస్’ను అల్యూమినియంతో గీశారు, ఫిన్లాండ్‌లోని నాటర్ సంస్థ తొలి ఫైబర్‌గ్లాస్ స్వాన్ పడవలకూ ఆయన సంస్థే గీతలిచ్చింది. కొయ్య మీద మమకారం మనది. ఆయన ధ్యాసంతా పడవ నీటిని ఎలా చీల్చుకుపోతుందన్న దానిమీదే.

తొంభై దాటాక కూడా ఆయన మధ్యధరా తీరంలో జరిగే పాత పడవల పోటీలకు వెళ్లి, తాను యవ్వనంలో గీసిన పడవల మీద ప్రయాణించేవారు. వాటిని కదలనివ్వకూడదని ఆయన ఏనాడైనా భావించి ఉంటారని నేను అనుకోను.

కొయ్యచిత్రిక:

రూపశిల్పి మనసు ఏమిటన్నది ఈ చర్చలో సగమే. డొరేడ్ పేరు నేటికీ వేల పడవల డెక్‌ల మీద వినిపించేలా చేసింది దాని పేరుతోనే పిలిచే గాలి గొట్టం పెట్టె. వంపు తిరిగిన మూతిలోంచి గాలితోపాటు నీటి తుంపరలు కూడా పెట్టెలోకి వస్తాయి; నీరు అడుగున పడి పక్క రంధ్రాలలోంచి డెక్ మీదికి పోతుంది, పెట్టెలోనే కొంచెం ఎత్తుగా నిలబెట్టిన రెండో గొట్టంలోంచి గాలి మాత్రమే లోపలికి దిగుతుంది. ఇది బల్లమీద గీసిన గీత నుంచి వచ్చింది కాదు; పడవ మీద తడిసినవారి అవసరంలోంచి, పడవల సామగ్రిని కుదుర్చడంలో దిట్ట అయిన రాడ్ స్టీఫెన్స్ ఆలోచనలోంచి వచ్చింది. కొయ్య పడవలో ఇటువంటి చేతుల పని ఎంతో ఉంటుంది, అందులో చాలాభాగం నక్షాలో కనిపించదు.

స్పార్క్‌మన్ అండ్ స్టీఫెన్స్ నక్షాలు మిస్టిక్ సీపోర్ట్‌లో భద్రంగా ఉన్నాయి. రేంజర్‌ను 1941లో తుక్కు చేసినా, ఈ శతాబ్దం మొదట్లో దాని పేరుతో, దాని రూపంలో మరో పడవ కట్టగలిగారు. గీతలు దక్కుతాయి. దక్కనిది 1930లో ఎవరో వడ్రంగి ఏ వంపు దగ్గర కొయ్య నారను ఎటు తిప్పి పెట్టాడన్నది, ఏ మేకు ఎంత దూరంలో కొట్టాడన్నది. తీసేసిన ఫ్రేముతోపాటే ఆ సమాచారమూ పోతుంది.

అందువల్ల పందేలను ఆపమని నేను అడగను. పాత పడవల పోటీలు నడిపేవారు ప్రవేశానికి రెండు షరతులు పెట్టాలని అడుగుతాను: తెరచాపల బట్ట, తాళ్ల సాగుదల ఆ పడవ కాలానికి దగ్గరగా ఉండాలి, మార్చిన ప్రతి ఫ్రేమునూ పలకనూ తీసేముందు కొలిచి, ఫొటో తీసి, ఆ పట్టికను అందరికీ అందుబాటులో ఉంచాలి. తీరవాసి గారు ఈ రెండో షరతుకైనా ఒప్పుకుంటారా అన్నది తెలుసుకోవాలని ఉంది.

తీరవాసి:

రెండింటికీ ఒప్పుకుంటాను. అయితే మూడోది కూడా చేర్చండి: తీసేసిన ఫ్రేముల్లో కనీసం ఒక్కటైనా పొయ్యిలోకి పోకుండా, నక్షాలున్న చోటికే చేరాలి.