తరగతి నియమాలు, మార్కుల తీరు ఎప్పుడు చెప్పాలి?

ప్రశ్న: నమస్కారం. గజపతినగరం సమీపంలోని ఉన్నత పాఠశాలలో ఈ జూన్‌లో గణితం ఉపాధ్యాయురాలిగా చేరాను. ఎనిమిదో తరగతికి నియమాలనూ, మార్కులు వేసే తీరునూ మొదటి వారంలోనే చెప్పాలా, పిల్లలు అలవాటుపడ్డాక చెప్పాలా? అనుభవజ్ఞులు తెలుపగలరు.

టెక్కలి నుంచి: మొదటి వారంలోనే చెప్పండమ్మా. నియమాలు నాలుగైదు చాలు, అవి కూడా పిల్లలచేతనే చెప్పించి చార్టుపై రాయించండి. మార్కులను మాత్రం విడమరచి చెప్పాలి. అప్పట్లో నిరంతర సమగ్ర మూల్యాంకనంలో (ఏడాది పొడవునా పిల్లల ప్రగతిని అంచనా వేసే పద్ధతిలో) నిర్మాణాత్మక పరీక్షకు, అంటే పాఠాలు సాగుతుండగా మధ్యమధ్యలో చేసే మదింపుకు, ఉన్న 50 మార్కులలో భాగస్వామ్యానికి 10, రాతపనికి 10, ప్రాజెక్టుకు 10, లఘు పరీక్షకు 20 అన్న విభజన తెలియక, మా పిల్లలు పరీక్ష ఒక్కటే లెక్క అనుకుని నోటుపుస్తకాన్ని వదిలేసేవారు. పేరు కనబడకుండా ఒక పాత నోటుపుస్తకాన్ని చూపించి, దానికి 7 మార్కులే ఎందుకు వేశానో వివరించాక తగవులు తగ్గాయి.

పలాస నుంచి: మాస్టారి మాట నిజం. అయితే తల్లిదండ్రులు వలస వెళ్లగా అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు మా వైపు చాలామంది ఉన్నారు; ఇంటిపని తేకపోతే మార్కు తగ్గిస్తామనడం వారికి అన్యాయం. దానిని బడిలోనే ముగించే అవకాశం ఇవ్వండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ మానసిక వేధింపును కూడా నిషేధించింది కనుక, తక్కువ మార్కులను అందరి ముందూ చదవకండి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. సోమవారం చార్టుతో మొదలుపెడతాను.