చదరపు అడుగు సగటు చూసి నిర్వహణ బడ్జెట్‌కు కోత పెట్టడం సబబేనా?

వసతుల_డెస్క్ (ప్రశ్న):
మా ఆఫీసు భవనం ఏడాది నిర్వహణ ఖర్చును ఒక బెంచ్‌మార్కింగ్ నివేదికతో (చాలా భవనాల ఖర్చులు పక్కపక్కన పెట్టి చూపేది) పోల్చి చూశారు. అదే రకం భవనాల మీడియన్ (సగం భవనాలు దానికి పైన, సగం కింద ఉండే మధ్య అంకె) కన్నా చదరపు అడుగుకు మాది ఎక్కువని తేలింది. వచ్చే ఏటి బడ్జెట్‌ను ఆ మీడియన్‌కు దించమని యాజమాన్యం అంటోంది. పోలికే వద్దని నేను అనను. కానీ ఆ ఒక్క అంకె పట్టుకుని కోత పెట్టవచ్చా? ఫెసిలిటీ (భవన నిర్వహణ) వాళ్లూ, ఫైనాన్స్ వాళ్లూ, ఇరువైపులా చెప్పండి.

ఖర్చుల_పద్దు:
పెట్టవచ్చు. నేను ఫైనాన్స్ మనిషిని, సూటిగానే చెప్తాను. ఏ ఫెసిలిటీ మేనేజర్‌ని అడిగినా "మా భవనం వేరండీ" అనే మాటే వస్తుంది. పాత భవనం, షిఫ్టులు ఎక్కువ, జనం ఎక్కువ. అన్నీ నిజమే కావచ్చు. కానీ బయటి కొలబద్ద లేకపోతే నిరుటి ఖర్చుకు కొంత కలిపి ఈ ఏటి బడ్జెట్ అనుకోవడమే మిగులుతుంది. నిరుడు దుబారా జరిగి ఉంటే అదీ బడ్జెట్‌లో పాతుకుపోతుంది. ఇఫ్మా (ఫెసిలిటీ మేనేజర్ల సంఘం), బోమా (భవన యజమానులు, మేనేజర్ల సంఘం) లాంటి వృత్తి సంఘాలు ఏళ్ల తరబడి ఖర్చుల లెక్కలు సేకరించి ప్రచురిస్తున్నది ఇందుకే కదా? తన డబ్బు ఎటు పోతోందో అడిగే హక్కు సొంతదారుకు ఉంది.

చిల్లర్_ప్లాంట్:
పద్దు గారూ, అడిగే హక్కు గురించి నాకు పేచీ లేదు. దేన్ని దేనితో పోలుస్తున్నామన్నదే నా గొడవ.

చదరపు అడుగు అంటే ఏ చదరపు అడుగు? గోడలు, లిఫ్ట్ షాఫ్టులు, ప్లాంట్ రూములు అన్నీ కలిపినదా? అద్దెకిచ్చే వైశాల్యమా? మనుషులు కూర్చుని పనిచేసే చోటు మాత్రమేనా? లక్ష చదరపు అడుగుల భవనంలో వాడకానికి వచ్చేది 70 వేలు అనుకోండి. అదే ఖర్చును లక్షతో కాకుండా 70 వేలతో భాగిస్తే అంకె దాదాపు 43 శాతం పెరుగుతుంది, ఒక్క బల్బు కూడా అదనంగా మార్చకుండానే. ఈ గందరగోళం తీర్చడానికే ఆఫీసు భవనాల వైశాల్యం కొలవడానికి ఐపీఎంఎస్ అనే అంతర్జాతీయ ప్రమాణాన్ని 2014లో తెచ్చారు. ఆ భాగహారంలో పైన ఉండే ఖర్చూ అంతే. ఒకరు హౌస్‌కీపింగ్‌ను నిర్వహణలో వేస్తారు, ఇంకొకరు వేరే పద్దులో చూపిస్తారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వాయిదా పని. చిల్లర్ (భవనం ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రం) సంగతే తీసుకోండి. దాని వేడిని నీళ్లలోకి వదిలే భాగమైన కండెన్సర్ ట్యూబుల్లో పొర పేరుకుంటే వేడి సరిగా బయటికి పోదు. రిఫ్రిజరెంట్ (చల్లబరచడానికి లోపల తిరిగే పదార్థం) ద్రవంగా మారే ఉష్ణోగ్రతకూ, కండెన్సర్ నుంచి బయటికి వచ్చే నీటి ఉష్ణోగ్రతకూ మధ్య తేడా నెలనెలా పెరుగుతుంది. లాగ్‌బుక్ చూసేవాడికి అది కళ్లకు కడుతుంది. ట్యూబ్ క్లీనింగ్ ఈ ఏడు మానేస్తే నిర్వహణ ఖర్చు తగ్గుతుంది, నివేదికలో మీ భవనం మెరుగ్గా కనిపిస్తుంది. కంప్రెసర్ మాత్రం ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ బిల్లు ఇంకో పద్దులో పడుతుంది కాబట్టి ఎవరూ ఈ రెంటినీ కలిపి చూడరు. మీడియన్ కన్నా తక్కువ ఖర్చు పెట్టే భవనాల్లో నిజంగా పొదుపరులెందరో, పనులు ఎగ్గొట్టినవాళ్లెందరో ఆ మీడియన్ చెప్పదు.

అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1990లో ప్రభుత్వ భవనాలపై ఇచ్చిన నివేదిక ఏటా నిర్వహణకూ మరమ్మతులకూ కలిపి, భవనాలను మళ్లీ కట్టడానికయ్యే విలువలో 2 నుంచి 4 శాతం కేటాయించమంది. అదీ ఒక కొలబద్దే. పక్కవాడు ఎంత ఖర్చు పెట్టాడన్న దాని బదులు భవనానికి ఎంత కావాలో అది అడుగుతుంది. నాకు ఆ ప్రశ్నే సరైనదనిపిస్తుంది.

సర్వే_లెక్క:
ఒక్క మాట కలుపుతాను. ఇలాంటి నివేదికలు చాలావరకు స్వచ్ఛందంగా జవాబిచ్చినవాళ్ల లెక్కలు. లెక్కలు పద్ధతిగా రాసుకునేవాళ్లే ఎక్కువగా పంపుతారు. మీ రకం భవనం, దాని వయసు, మీ వాతావరణం అని వడగడుతూ పోతే చివరికి చేతిలో మిగిలేవి కొద్దిపాటి భవనాలే. అందుకే మీడియన్ ఒక్కటే కాక క్వార్టైల్స్ (భవనాలను ఖర్చు వరసలో నాలుగు సమాన భాగాలు చేసే అంకెలు) చూడండి. ఎన్ని భవనాల లెక్కో తప్పకుండా అడగండి.

అలాగని పోలిక అసాధ్యమేమీ కాదు. అమెరికాలో భవనాల ఇంధన వాడకానికి ఇచ్చే ఎనర్జీ స్టార్ స్కోరు చూడండి. 1 నుంచి 100 వరకు ఇస్తారు, 50 అంటే మధ్యస్థం, 75 గానీ అంతకు మించి గానీ వస్తే గుర్తింపుకు అర్హత. ఆఫీసు అయితే పని గంటలు, మనుషుల సంఖ్య, వాతావరణం లెక్కలోకి తీసుకున్నాకే పోలుస్తారు. తమంతట తాము లెక్కలు పంపినవాళ్ల మీద కాకుండా, వాణిజ్య భవనాలను నమూనాగా ఎంచుకుని ప్రభుత్వం జరిపే జాతీయ సర్వే మీద ఆధారపడుతుంది. ఇంధనం విషయంలో చేయగలిగిన పని శుభ్రత, మరమ్మతుల విషయంలో ఎందుకు చేయకూడదు? మన వృత్తిలో పరిశోధనకు అసలు కొరత అక్కడే ఉంది.

హెల్ప్‌డెస్క్_రాత్రి:
ఖర్చు ఒక్కటే కాదు, రెస్పాన్స్ టైమ్ (కంప్లైంట్‌కు ఎంతసేపట్లో స్పందించారన్నది) పోలికల్లోనూ ఇదే తంతు. గడువు దాటకూడదని నీళ్లు కారుతున్న కంప్లైంట్‌ను "చూశాం" అని క్లోజ్ చేసి, మర్నాడు కొత్త నంబరుతో మళ్లీ తెరుస్తారు. రిపోర్టులో రెండూ గడువులోపే. మళ్లీ వచ్చిన కంప్లైంట్ల శాతం కూడా అడగకపోతే ఆ పోలిక దండగ.

ఖర్చుల_పద్దు:
ట్యూబుల సంగతి నాకు కొత్త. నిర్వహణనూ కరెంటునూ కలిపి చూడాలన్నది ఒప్పుకుంటాను. కానీ ప్లాంట్ గారూ, 2 నుంచి 4 శాతం అంటే కింది అంకెకు పై అంకె రెట్టింపు. అంత వెడల్పు గీత మీద బడ్జెట్ ఎలా కట్టమంటారు? ఇంకో సంగతి. వైశాల్యం ఒకే పద్ధతిలో కొలిచి, పద్దులు సరిచేశాక కూడా మీ ఖర్చే ఎక్కువ తేలితే అప్పుడైనా కోతకు సరేనంటారా?

చిల్లర్_ప్లాంట్:
ఆ వెడల్పు ఎందుకంటే భవనాల వయసు, స్థితి వేర్వేరు కాబట్టి. మీ భవనం ఆ గీత మీద ఎక్కడుందో కండిషన్ సర్వే (భవనం స్థితిని భాగం భాగంగా తనిఖీ చేయడం) చెప్తుంది. వాయిదా పడ్డ పనుల విలువను పునర్నిర్మాణ విలువతో భాగిస్తే వచ్చేదే ఫెసిలిటీ కండిషన్ ఇండెక్స్. అది ఏటేటా పెరుగుతుంటే మీరు పొదుపు చేస్తున్నట్టు కాదు, అప్పు చేస్తున్నట్టు.

ఇక కోత సంగతి. లెక్క సరిచేశాక కూడా మాదే ఎక్కువైతే సరేనంటాను. ఒకటే షరతు. కోత వల్ల ఏ పని ఏ ఏటికి వాయిదా పడుతోందో ఆ జాబితా బడ్జెట్ కాగితం మీదే ఉండాలి, కింద యాజమాన్యం సంతకం ఉండాలి.

వసతుల_డెస్క్:
అందరికీ ధన్యవాదాలు. ఆ నివేదికలో వైశాల్యం ఎలా కొలిచారో, ఎన్ని భవనాల లెక్కో ఈ వారమే అడుగుతాను. సంతకం షరతుకు మా వాళ్లు ఒప్పుకుంటారో లేదో చూడాలి. ఇలా ఎవరైనా చేయించి ఉంటే ఆ కాగితం నమూనా ఇక్కడ పెట్టండి.