పాత రొయ్యల చెరువులో మడ మొక్కలు మధ్యలోనే ఎందుకు చస్తున్నాయి?

పాయగట్టు:
గోదావరి డెల్టాలో, పాయకు 80 మీటర్ల దూరంలో వదిలేసిన ఆరెకరాల రొయ్యల చెరువు. చుట్టూ మీటరున్నర గట్టు, పాయ వైపు ఒకటే తూము, దాని పలక తీసేసి ఉంది. జనవరిలో రెండు మీటర్ల ఎడంతో దాదాపు ఆరు వేల మొక్కలు వేశారు. సగం తెల్లమడ, సగం పొన్న. మే నాటికి తూము దగ్గరా, గట్టు వారా ఉన్నవి తప్ప అన్నీ పోయాయి. మధ్యలో చీలమండ లోతు నీళ్లు నిలుస్తాయి, ఎండితే తెల్లగా ఉప్పు పేరుతుంది. ఈసారి మొత్తం పొన్నే వేయమని కొందరు, చేపముల్లు కాలవలు (మధ్యలో పెద్ద కాలవ, దానికి ముళ్లలా వాలుగా పిల్ల కాలవలు) తవ్వమని ఇంకొందరు అంటున్నారు. ఏది ముందు? కొలతలు కూడా కావాలి. ఇంకోటి, తుపానొస్తే ఊరి కరకట్టకు ఈ మడ ఎంత అండ?

ఉప్పుటేరు:
మొక్కల సంగతి తర్వాతండి, ముందు నీళ్ల సంగతి. ఆ తూములోంచి పోటు నీళ్లు వస్తాయి గానీ పాటుకి పూర్తిగా తీయవు. మిగిలిన నీళ్లు ఎండకు ఆవిరై ఉప్పు అక్కడే ఉండిపోతుంది, మళ్లీ పోటు, మళ్లీ ఉప్పు. కోరింగలోనూ, తమిళనాడు పిచ్చవరంలోనూ పాత కూపుల్లో (కలప కోసం వంతులవారీగా నరికిన అడవి ముక్కల్లో) జరిగిందిదే. చెట్లు మొత్తం నరికేశాక ఎండకు నేల కుంగి పళ్లెంలా పల్లమైంది. చేపముల్లు కాలవ వచ్చింది ఆ పల్లాల కోసమే. 1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖలు, ఊళ్లవాళ్లు కలిసి ఈ పద్ధతి వాడారు.

తవ్వేముందు 20 మీటర్లకో కర్ర పాతి, పొడుగునా సుద్ద పూయండి. అమావాస్య నుంచి అష్టమి దాకా రోజూ చూస్తే నీళ్లు ఎంత ఎత్తుకు తాకాయో సుద్ద చెరిగిన చోటే చెబుతుంది. కర్రల మొదళ్ల ఎత్తుల తేడా మేస్త్రీలు వాడే, నీళ్లు నింపిన లెవెల్ గొట్టంతో తీయొచ్చు. పాటుకి కూడా నీళ్లు వీడని కర్రలేవో గుర్తుపెట్టుకోండి, కాలవ వెళ్లాల్సింది అక్కడికే.

పెద్ద కాలవ పాయకు 45 డిగ్రీల వాలుగా కలవాలి. పైన 3 మీటర్లు, అడుగున 1 మీటరు వెడల్పు, లోతు మీటరుకు కాస్త తక్కువైనా ఫరవాలేదు. పిల్ల కాలవలు పెద్దదానికి 30 డిగ్రీల్లో, పైన 2 మీటర్లు, అడుగున ముప్పావు మీటరు, లోతు 60 సెంటీమీటర్లు. పక్కలు నిలువుగా కొయ్యకండి, ఒక్క వర్షానికి జారి పూడిపోతాయి. మీటరు లోతు లెక్కన పెద్ద కాలవ వంద మీటర్లకు 200 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది, పిల్ల కాలవకు 80 పైచిలుకు. పొక్లెయిన్ గంటలు దాన్నిబట్టి లెక్కేసుకోండి. తీసిన మట్టి కాలవ వారనే వరసగా పోశారో, ఇంకో గట్టు కట్టినట్టే. మధ్య మధ్య సందులు వదిలి కుప్పలు పోయాలి. మొక్క కాలవ అడుగునా కాదు, పైనా కాదు, వాలు మధ్యలో, రెండు మీటర్లకొకటి.

రెండు మూడేళ్లకోసారి పూడిక తీయాలి. ఆ డబ్బు మొదటి అంచనాలోనే పెట్టకపోతే ఈ పనంతా దండగ.

తిల్లచెట్టు:
మీది చెరువు కాబట్టి తూము వెడల్పు చేస్తే సరిపోదు, గట్టు తెగ్గొట్టాలి. ఎక్కడ అన్నది పాత ఉపగ్రహ చిత్రాల్లో చూడండి. చెరువు తవ్వకముందు అక్కడో చిన్న పాయ పారి ఉంటుంది, గండి దాని మీదే పడాలి.

మొత్తం పొన్న వద్దేవద్దు. కాయ పొడుగ్గా ఉంటుంది, బురదలో గుచ్చితే నిలబడుతుంది, ఫొటోకి బాగుంటుంది, అందుకే అందరూ అదే వేస్తారు. దానికి రోజూ పోటు తడిపే పాయ ఒడ్డు కావాలి. ఉప్పు తేలిన మెట్టకు తెల్లమడే. అదీ ఎంతవరకంటే, అడుగు లోతు గుంట తీసి ఊరిన నీటిని రిఫ్రాక్టోమీటరుతో (నీటిలో ఉప్పు కొలిచే పరికరం) చూడండి. సముద్రపు నీటిలో ఉప్పు లీటరుకు దాదాపు 35 గ్రాములు. 60 దాటితే మొలకల మీద ఆశ పెట్టుకోవద్దు, కాలవలు తెరిచి వానాకాలం గడవనివ్వండి.

తవ్విన మట్టిలో పసుపు చారలు, కాలవలో తుప్పు రంగు నీళ్లు కనిపిస్తే అది ఉప్పు కాదు, ఆమ్లం. మడ బురదలో ఉండే పైరైటు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలి తగిలి ఆమ్లమవుతుంది. పీహెచ్ 4 లోపుంటే ఆ మట్టిని మొక్కల వైపు పరచకండి.

గేదెలకు తెల్లమడ ఆకంటే ప్రాణం, మొదటి రెండేళ్లు కంచె తప్పదు. చుట్టుపక్కల తిల్ల (ఇదీ మడ చెట్టే) కొమ్మలు కొట్టేవాళ్లకు చెప్పండి, దాని పాలు కంట్లో పడితే కొంతసేపు చూపు పోతుంది.

కరకట్ట:
అండ సంగతి. వంద మీటర్ల మడ దాటేసరికి గాలి అలల ఎత్తు 13 నుంచి 66 శాతం దాకా తగ్గుతుందని కొలతలున్నాయి. ఉప్పెన వేరు. అది అల కాదు, సముద్రమే పైకి లేవడం. కిలోమీటరు మడకు 5 నుంచి 50 సెంటీమీటర్లు తగ్గితే గొప్ప. ఆరెకరాలు కరకట్టకు బదులు కాదు, ముందు నిలబడే కవచం, అంతే. తుపాను కేంద్రానికి వెళ్లడం మానొద్దు.

ఉప్పాడ లాంటి తెరిచిన ఇసుక తీరంలో ఇదంతా పనికిరాదు. అక్కడ చేయాల్సింది బాలబంద తీగ, రావణాసురుడి మీసాలనే గడ్డి ఉన్న ఇసుక తిన్నెల్ని చదును చేయకుండా వదలడం. తిన్నె ముఖం మీద సరుగుడు వేస్తే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు పోతుంది.

ఎవరూ మాట్లాడనిది ఒండ్రు. గోదావరి 1970లలో ఏటా 15 కోట్ల టన్నులు తెచ్చేది, 1990లకు అది 6 కోట్ల లోపుకి పడింది. మిగతాది జలాశయాల్లోనే ఆగిపోతోంది. సముద్రం పెరిగే కొద్దీ మడ నేల కూడా లేవాలంటే ఒండ్రు కావాలి. మీ గండి దగ్గర ఏడాదికి ఎంత మేట పడుతుందో ఒక కర్రకు గీతలు గీసి చూసుకోండి.

ఉప్పుటేరు:
మరిచిపోయా, అనుమతులు. మడ ఉన్న చోటు సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలి) నిబంధనల్లో 1ఏ కిందికి వస్తుంది. 80 మీటర్ల కాలవ దారి ఎవరి భూమో, రిజర్వు అడవి హద్దు ఎక్కడో తేలకుండా పొక్లెయిన్ దించకండి.

పాయగట్టు:
అంటే ఈ వేసవిలో కాలవలు, మొక్కలు ఎప్పుడు?

తిల్లచెట్టు:
వరద తగ్గాక, అక్టోబరు నవంబరుల్లో. అప్పటికి వాన ఉప్పు కడిగేసి ఉంటుంది. ముందు ఏమీ వేయకుండా గండి కొట్టి చూడండి. పాయ వెంట తల్లి చెట్లుంటే తెల్లమడ గింజలు పోటుతో అవే వచ్చి పడతాయి. ఖాళీ మిగిలిన చోటే నర్సరీ మొక్క వేయండి.